జబర్దస్తీ కాదు, రజామందీ

"ఇక మీద ఇక్కడ గొడ్డలి పెట్టొద్దు" అని ఎవరో వచ్చి హుకుం జారీ చేస్తే ఏ జమీన్ మాలిక్‌కైనా దిల్ మండుతుంది. ఫిన్లాండులో అదే జరిగింది.

ఆ దేశపు అడవుల్లో సగానికి పైగా మామూలు ఖాందాన్‌లవే. తాత నుంచి మనవడికి వచ్చే మీరాస్ అది. ఇంటికి ఖర్చు వచ్చిపడితే నాలుగు చెట్లు అమ్ముకోవచ్చన్న భరోసా కూడా.

1995లో ఫిన్లాండు యూరోపియన్ యూనియన్‌లో చేరింది. 1997లో నేచురా 2000 కింద కాపాడాల్సిన చోట్ల ఫెహ్రిస్తు తయారైంది. మాలిక్‌లతో ముందుగా కూర్చుని మాట్లాడింది తక్కువ. అభ్యంతరాలు వేలల్లో వచ్చాయి. సతకుంటా ఇలాకాలోని కార్వియాలో కొందరు భూఖ్ హర్తాళ్‌కు కూర్చున్నారు.

మరి వాళ్లు అడవికి దుష్మన్‌లా? జవాబు అదే సతకుంటాలో దొరికింది. 2003లో అక్కడ కొత్త తజుర్బా మొదలైంది. ఈసారి మాలికే ముందుకొచ్చి తన అడవిని చూపించాలి. పదేళ్లు కాపాడితే తనకెంత కావాలో తనే చెప్పాలి. ఒప్పందం కుదిరితే ముఆవజా. గడువు తీరాక మళ్లీ అతని మర్జీ. మాలిక్‌లు వచ్చారు.

ఆ బాటలోనే 2008లో మెట్సో పథకం వచ్చింది. 96 వేల హెక్టార్లను శాశ్వతంగా కాపాడాలని లక్ష్యం పెట్టుకున్నారు. అలా ఇచ్చినా జమీన్ తన పేరు మీదే ఉంచుకోవచ్చు, ముఆవజా మీద పన్ను లేదు.

ఇందులో ఖత్రా లేకపోలేదు. అన్నిటికన్నా విలువైన అడవి ఉన్నవాడు ముందుకు రాకపోతే? అయినా మాలిక్ ఖుషీగా కాపాడే చెట్టుకు పహరా అక్కర్లేదు.

ఇలాకా అదే, అడవీ అదే. మారింది అడిగే తమీజ్.