పచ్చిక బల్లమీదికి ఎక్కిన కథ

ఉగాది సంచికకు ఏదైనా ఒక వ్యాసం ఇవ్వవలసిందని సంఘం కార్యదర్శిగారు అడిగినప్పుడు మేము మొదట తటపటాయించాము. పండితులు పద్యాలు వ్రాసే చోట, మెట్రిక్‌తో చదువు చాలించి రైల్వేలో గుమాస్తాగిరీ చేసుకునేవారికి ఏమి పని? కాని రెండేళ్ళకు పైగా మా క్వార్టర్సు ముందుగదిలో పచ్చగుడ్డ పరచిన బల్ల ఒకటి ఉన్నది. వచ్చిన ప్రతివారూ "ఇదేమి ఆటండీ?" అని అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ వేరువేరుగా చెప్పేకంటే అందరికీ ఒక్కసారే మనవి చేసుకుంటే మేలని తోచింది.

ఈ బల్లకు మూలం 2022 ఆగస్టు 2వ తేదీ సాయంకాలం. బర్మింగ్‌హామ్‌లో కామన్వెల్తు క్రీడలు జరుగుతున్నవి. మన దేశపు నలుగురు మహిళలు, లవ్లీ చౌబే, పింకి, నయన్‌మొని సైకియా, రూపారాణి తిర్కీ, లాన్ బౌల్సు అనే ఆటలో దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి బంగారు పతకం గెలిచారు. ఆ ఆటలో మన దేశానికి అదే మొదటి పతకం. ఆ నలుగురిలో ఒకరు పోలీసు కానిస్టేబులు, ఒకరు అటవీశాఖ ఉద్యోగి, ఒకరు బడిలో వ్యాయామ ఉపాధ్యాయిని అని తెలిసి మా బోటివారికి మరింత సంతోషం కలిగింది.

మేము డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి మా నాన్నగారు టీవీ ముందు కూర్చుని ఉన్నారు. అంతకు ముందటేడు పక్షవాతం వచ్చి ఆయన కుడిచేతిలో పట్టు పోయింది. చెయ్యి ఆడిస్తూ ఉండాలని వైద్యులు రబ్బరుబంతి ఇస్తే రెండు రోజులు పిసికి, "నేనేమన్నా పసిపిల్లవాడినా?" అని మంచం కిందికి విసిరేశారు. అటువంటి మనిషి టీవీ నుంచి కన్ను తిప్పకుండా, "ఏమిరా, ఆ గుండు నేరుగా పోదేమి? చివర్లో అట్లా వంకర తిరుగుతుందేమి?" అని అడిగారు. మాకు జవాబు తెలియలేదు. ఆ జవాబు కోసం పుస్తకాలు వెదకగా తేలినదే ఈ చరిత్ర.

ముందు ఆట సంగతి. కోసి చదును చేసిన పచ్చికమీద జాక్ అనే చిన్న తెల్లబంతిని దొర్లిస్తారు. అది ఆగిన చోటికి ఎవరి గుండు ఎక్కువ దగ్గరగా చేరితే వారిది గెలుపు. ఇంతవరకు మన గోలీలాట వంటిదే. తేడా అంతా గుండులో ఉన్నది. అది నిండు గుండ్రన కాదు. ఒక పక్కకు మొగ్గేటట్లు చెక్కబడి ఉంటుంది. వేగంగా పోయేటప్పుడు ఇంచుమించు తిన్నగా పోయి, వేగం తగ్గినకొద్దీ మొగ్గున్న పక్కకు ఎక్కువెక్కువగా వంగుతుంది. అందుచేత జాక్‌ను గురిచూసి వేసినవాడికి జాక్ దక్కదు. పక్కకు వేసి, అదే తిరిగి వస్తుందని ఓపిక పట్టినవాడికే దక్కుతుంది. ఈ మొగ్గును ఇంగ్లీషువారు బయాస్ అంటారు. మేము వంపు అంటాము.

వంపు ఎప్పుడు వచ్చిందో చెప్పే కథ ఒకటి ఉన్నది. 1522లో సఫోక్ ప్రభువు చార్లెస్ బ్రాండన్ ఆడుతుండగా గుండు పగిలిపోయిందట. ఆయన లోపలికి పరుగెత్తి మెట్ల కమ్మీ మీది కర్రబుడిపెను కోసి తెచ్చాడట. దాని అడుగు చదునుగా ఉండటంతో అది వంకరగా దొర్లిందట. ఇది కథే గాని దాఖలా కాదు. 1588లో స్పెయిన్ నౌకాదళం వస్తున్నదని తెలిసికూడా ఆట ముగించిగాని కదలనన్నాడని ఫ్రాన్సిస్ డ్రేక్‌ను గురించి చెప్పేదీ ఇటువంటిదే. ఆ కాలపు కాగితాల్లో ఆ మాట లేదు, తరువాతివారు చేర్చినది. వంపు కోసం పూర్వం గుండుకు ఒక పక్క సీసం పోసేవారన్నది మాత్రం నిజం. తరువాత సీసం మాని చెక్కడంలోనే వంపు తెచ్చారు. వెస్టిండీసు నుంచి వచ్చే లిగ్నం వైటీ అనే, నీటిలో మునిగిపోయేటంత బరువైన కర్ర వాడేవారు. 20వ శతాబ్దంలో రబ్బరు, ప్లాస్టిక్కు గుండ్లు దాని చోటు తీసుకున్నవి.

మమ్మల్ని కథలకంటే ఎక్కువ ఆపినది ఒక శాసనం. ఎనిమిదవ హెన్రీ రాజు 1541లో చేసినది. చేతిపనివారు, కూలీలు, పడవవారు, చేపలు పట్టేవారు, పనినేర్చుకునే కుర్రవాళ్ళు, నౌకర్లు, వీరెవరూ బౌల్సు ఆడరాదు. క్రిస్మస్ రోజులలో మాత్రం ఆడవచ్చు, అదీ యజమాని ఇంట్లో, లేదా యజమాని కళ్ళెదుట. సొంత తోట దాటి బయట ఆడితే 6 షిల్లింగుల 8 పెన్నీల జరిమానా. ఏడాదికి 100 పౌనుల భూమి రాబడి ఉన్నవాడికి మాత్రం తన ఆవరణలో ఆడుకోవడానికి లైసెన్సు దొరుకుతుంది. కుర్రకారు ఆటలలో పడి విలువిద్య మరచిపోతున్నారని కారణం చెప్పారు. రాజుగారు మాత్రం వైట్‌హాల్ భవనంలో తమకోసం బౌల్సు ఆడే చోట్లు కట్టించుకున్నారు. ఆ శాసనంలోని ఈ నిషేధం 1845లో గాని రద్దు కాలేదు. అంటే మూడు వందల ఏళ్ళ పైమాట. సర్క్యులర్లు ఎంతకాలం బతుకుతాయో ఎరిగిన గుమాస్తాలకు ఇది వింత కాదు గాని, ఒక ఆటకు భూమి రాబడి అర్హత కావడం మా మనస్సులో నాటుకున్నది.

రద్దయిన తరువాత ఆట త్వరత్వరగా పెరిగింది. స్కాట్లండులో, గ్లాస్గో నగరానికి చెందిన డబ్ల్యు.డబ్ల్యు. మిచెల్ 1849లో నిబంధనలు కూర్చాడు. అప్పటికే ఎడ్విన్ బడ్డింగ్ అనే ఇంగ్లీషు మెకానిక్కు గడ్డికోసే యంత్రం కనిపెట్టి 1830లో పేటెంటు పొందాడు. ఉన్నిబట్టల మిల్లులో బట్ట మీది నూగును గొరిగే యంత్రాన్ని చూచి, ఇది గడ్డిని కూడా గొరగగలదు గదా అనుకున్నాడట. క్రికెట్టు వీరుడు డబ్ల్యు.జి. గ్రేస్ 1903లో ఇంగ్లండు బౌలింగ్ సంఘం ఏర్పడినప్పుడు మొదటి అధ్యక్షుడైనాడు. 1930లో కెనడాలోని హామిల్టన్‌లో మొదలైన కామన్వెల్తు క్రీడల్లో ఈ ఆట ఆనాడే ఉన్నది. మన జట్లు అందులో తొలిసారి దిగింది 2010లో, ఢిల్లీలో.

ఇక పచ్చిక లేనివారి సంగతి. శాసనం పోయినా నేల రాలేదు గదా. ఈ ఆటకు పూర్తి పచ్చిక ఇంచుమించు 130 అడుగుల పొడవు కావాలి. కార్పెట్టు అంత నున్నగా ఉండాలి. అందుచేత 19వ శతాబ్దంలో ఇళ్ళలోనే ఆడుకునేందుకు స్కాట్లండు, స్టాఫర్డ్‌షైరు కుమ్మరులు మూడంగుళాల పింగాణీ బంతులు చేశారు. వాటిమీద రంగుల గళ్ళు, పువ్వులు. జాక్‌గా ఒక తెల్లబంతి. తివాచీ పరచిన పొడవాటి నడవాల్లో వాటిని దొర్లించేవారు. చూడ ముచ్చటైనవే, కాని గుండ్రని బంతులు గనుక తిన్నగా పోయేవి. వంపు పోయింది, ఆట పేరు మిగిలింది. నడవా ఉండవలసిన బాధ కూడా మిగిలింది. మా క్వార్టర్సులో నడవా అంటే చెప్పులు విడిచే చోటు.

నేలమీది ఆటలు బల్లమీదికి ఎక్కడం కొత్త కాదు. బిలియర్డ్సు మొదట పచ్చికమీద కర్రలతో బంతులు నెట్టే ఆట. 15వ శతాబ్దంలో ఫ్రాన్సులో అది బల్లమీదికి వచ్చింది. ఈనాటికీ ఆ బల్లకు పచ్చగుడ్డే పరచడం ఆ గడ్డి జ్ఞాపకమే. దాని సంతానమైన స్నూకర్ మన దేశంలోనే పుట్టింది. 1875లో జబల్‌పూరులో నెవిల్ చేంబర్లిన్ అనే సైనికోద్యోగి (ప్రధానమంత్రి చేంబర్లిన్ కాదు) దానిని మొదలుపెట్టాడు. 1882లో మన మైసూరుకు పక్కనున్న ఊటీ క్లబ్బులో నిబంధనలు కుదిరాయి. లాన్ టెన్నిసు కూడా 19వ శతాబ్దం చివర ఇంగ్లండులో భోజనాల బల్ల ఎక్కింది. 1900 ప్రాంతంలో సెల్యులాయిడు బంతి దొరికేవరకు అది కుదురుకోలేదు. బల్లకు తగిన బంతి దొరకడంతోనే అది టేబిల్ టెన్నిసు అయింది.

బౌల్సుకు తగిన గుండేది? ఇక్కడ మా గుమాస్తా బుద్ధి లెక్కకు దిగింది. మా దగ్గర ఉన్నది ఆరున్నర అడుగుల పాత తలుపురెక్క, అంటే 2 మీటర్లు. పచ్చికమీద గుండు మామూలుగా నడిచే దూరం 27 మీటర్లు. పదమూడో వంతు. 12 సెంటీమీటర్ల గుండును అదే లెక్కన తగ్గిస్తే పెద్ద శనగగింజ అవుతుంది, జాక్ మిరియపుగింజ. నాన్నగారి చేతికి అవి అందవు. కనుక లెక్కను పక్కన పెట్టి, ఒకటిన్నర అంగుళాల గుండు అనుకున్నాము.

మొదటిది వడ్రంగి చేత చేయించి, ఒక పక్క తొలిచి, పూర్వీకుల పద్ధతిలో సీసం పోశాము. అది బల్లమీద జానెడు దూరం పోయి, కుక్క తన తోకను పట్టుకోబోయినట్లు గిర్రున తిరిగి మా దగ్గరికే వచ్చింది. పిల్లలు నవ్వారు, నాన్నగారు కూడా నవ్వారు. ఆలోచించగా కారణం తెలిసింది. గుండు మెల్లగా పోయినకొద్దీ వంపు పెరుగుతుందన్నాము గదా. బల్లమీద గుండు ఎప్పుడూ మెల్లగానే పోతుంది. కనుక గుండు ఎంత చిన్నదైతే మొగ్గు కూడా అంత కొంచెమే ఉండాలి. మాకు కావలసినది వెంట్రుకవాసి మొగ్గు.

వెంట్రుకవాసి పని తెలిసినవారు మా లైనుమీదే ఉన్నారు. బెంగుళూరు-మైసూరు దారిలో చన్నపట్న. లేతు యంత్రంమీద కర్రను తిప్పి, లక్క పూసి బొమ్మలు చేసే ఊరు. వారు వాడే ఆలెమర మన ఏటికొప్పాక బొమ్మల అంకుడుకర్రే. ఒక ముసలి పనివారికి సంగతి చెబితే, చక్కగా గుండ్రన చేసిన బంతిని మరల చెడగొట్టమంటున్నారేమని ముందు కోప్పడ్డారు. తరువాత ఒక పక్క కొంచెం కొంచెంగా గీకి, నేలమీద దొర్లించి, మళ్ళీ గీకి, మధ్యాహ్నం మూడు గంటలకు ఎనిమిది గుండ్లు సిద్ధం చేశారు. నాలుగు ఎరుపు, నాలుగు పసుపు, ఒక తెల్ల జాక్. ఏ పక్కకు వంగుతుందో ఆ పక్క చిన్న వలయం గీశారు. అసలు గుండ్లకూ అదే గుర్తు.

గుడ్డ విషయంలో మరో పాఠం. పచ్చిక వేగాన్ని సెకండ్లలో కొలుస్తారు. 27 మీటర్లు నడిచి ఆగడానికి గుండుకు ఎంతసేపు పడితే అది. ఇంగ్లండు మెత్తని గడ్డిమీద సుమారు 11, 12 సెకండ్లు, న్యూజిలాండులో 15 దాటుతుంది. ఎక్కువ సెకండ్లు పట్టేదే వేగమైన పచ్చిక! గట్టి నేలమీద చిన్న తోపు చాలు, గుండు తీరికగా పోతుంది. మందపు శాలువమీద మా గుండ్లు ఒక్క సెకండులో ఆగేవి, వంపు కనిపించేది కాదు. పలుచని ఫెల్టు గుడ్డ లాగి మేకులు కొట్టిన తరువాత మూడు సెకండ్లు వచ్చింది. గడ్డికి ముందు బట్టనే గొరిగిన బడ్డింగ్‌గారి యంత్రం అప్పుడు జ్ఞాపకం వచ్చింది.

పిల్లలతో ఇంకొక చిక్కు. వంపు కోసం ఓపిక పట్టక గుండును బలంగా కొట్టి అన్నింటినీ చెల్లాచెదరు చేసేవారు. బ్రిటనులో 40, 45 అడుగుల చాపమీద ఆడే పొట్టి చాప బౌల్సు అనే ఇంటి ఆటలో, చాప మధ్యన 15 అంగుళాల దిమ్మ అడ్డం పెడతారు. తిన్నగా వేస్తే దిమ్మకు తగులుతుంది, చుట్టూ రావలసిందే. మేము మా రూళ్ళకర్ర ముక్క ఒకటి అడ్డం పెట్టాము. ఆ రోజుతో అల్లరి ఆగింది. తక్కినవి పచ్చిక నిబంధనలే. అంచున చిన్న కాలువ, అందులో పడ్డ గుండు చచ్చినట్లు. పడకముందు జాక్‌ను తాకితే మాత్రం సుద్దగీత పెట్టి బతికినట్లే లెక్క. ఆట 21కి.

నాన్నగారి కోసం వెదురుబద్ద చీల్చి ఏటవాలు దోనె ఒకటి చేశాము. గుండును దోనెలో పెట్టి వదిలితే చాలు. బోచియా అనే ఆటలో, విసరలేనివారికి దోనె వాడుకునే వీలున్నది. అది 1984 నుంచి పారాలింపిక్సులో ఉన్నది కూడా. నాన్నగారు ఎడమచేత్తో నెల్లాళ్ళు అట్లాగే ఆడి మా పెద్దవాడిని వరుసగా ఓడించారు. ఒకనాడు మేము ఆఫీసు నుంచి వచ్చేసరికి దోనె మూలన పడి ఉన్నది. "ఇది ఆడేది నేను కాదురా, నీ వెదురుబద్ద," అన్నారు. కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు మధ్య గుండును ఇరికించుకుని వదులుతున్నారు. సగం గుండ్లు కాలువలో పడుతున్నవి. ఇప్పటికీ పడుతున్నవి. ఆయన పడ్డవాటిని లెక్కపెట్టనివ్వరు.

ఉగాదినాడు పచ్చడి పంపకం అయిన తరువాత సంఘం వరండాలో ఈ బల్ల వేయించడానికి కార్యదర్శిగారు ఒప్పుకున్నారు. నాన్నగారితో ఆడదలచినవారు ముందుగా పేరు ఇవ్వవలెను. ఎర్రగుండ్లు మాత్రం ఆయనవి.