క్యాంపస్‌లో ఆత్మహత్యల నివారణ: విద్యార్థి సంఘాల పని ఏమిటి?

తాడిమర్రి లాంటి మండలంలోని దళితవాడ నుంచి అనంతపురం, హైదరాబాద్ యూనివర్సిటీలకు చేరే పిల్లల్లో చాలామంది తమ ఇంట్లో పెద్ద చదువుకు వచ్చిన మొదటి తరం. ఫెలోషిప్ ఆగితే ఇంటి నుంచి పంపడానికి కూలి డబ్బు తప్ప వేరే ఆధారం ఉండదు. అందుకే క్యాంపస్‌లో మానసిక ఆరోగ్యం గురించి మాట్లాడాలంటే కౌన్సెలింగ్ గది ఒక్కటే సరిపోదని, ఫెలోషిప్ ఫైలు గురించి కూడా మాట్లాడాలని మేము అంటాం.

హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం అనుభవం ఇదే చెబుతుంది. 2008లో అక్కడ భౌతికశాస్త్ర దళిత పరిశోధకుడు సెంథిల్ కుమార్ ఆత్మహత్య చేసుకున్నాడు. అప్పటికి అతనికి గైడ్‌ను కేటాయించలేదు. 2015 జూలై నుంచి రోహిత్ వేములకు ఫెలోషిప్ అందలేదు. అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌కు చెందిన అతన్ని, మరో నలుగురు దళిత స్కాలర్లను హాస్టల్ నుంచి వెలివేశారు. వాళ్లు ఆరుబయట గుడారం వేసి దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. 2016 జనవరి 17న రోహిత్ మరణించాడు.

ఏ ఆత్మహత్యకూ ఒకే కారణం ఉండదు. కానీ గైడ్ లేకపోవడం, డబ్బు ఆగడం, హాస్టల్ నుంచి గెంటివేత బయటికి కనిపించే విషయాలే. వీటిని అందరికంటే ముందు చూసేది తోటి విద్యార్థులు. సంఘం పని ఇక్కడే మొదలవుతుంది.

మొదటిది, అడగడం. భోజనానికి రావడం మానేసినవాళ్లను, వస్తువులు పంచిపెట్టేస్తున్నవాళ్లను పక్కన కూర్చుని ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడగాలి. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ.

రెండోది, ఒంటరిగా వదలకపోవడం. మనం డాక్టర్లం కాదు. వైద్య సహాయం అందేదాకా వంతులవారీగా తోడుండాలి. ప్రాణం మీదికొచ్చినప్పుడు ‘ఎవరికీ చెప్పను’ అని మాటివ్వకూడదు. సస్పెన్షన్‌లో ఉన్నవాళ్లకు ఈ తోడు మరింత అవసరం.

మూడోది, కారణం మీద పోరాటం. యూజీసీ 2012 నిబంధనల ప్రకారం ప్రతి సంస్థలో సమాన అవకాశాల విభాగం, వివక్ష నిరోధక అధికారి ఉండాలి. ఫిర్యాదు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోవాలి. ఈ నిబంధనలు అమలు కావడం లేదంటూ 2019లో రాధికా వేముల, పాయల్ తడ్వీ తల్లి ఆబేదా సలీం తడ్వీ సుప్రీంకోర్టుకు వెళ్లారు.

కోర్టు మాట కూడా ఇప్పుడు మన చేతిలో ఉంది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశమంతటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో కనీసం ఒక అర్హతగల కౌన్సెలర్ ఉండాలి. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లైనా శిక్షణ ఇవ్వాలి. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో, తరగతుల్లో కనిపించాలి.

ధర్మవరం, హిందూపురం, పెనుకొండ కాలేజీల్లోని మిత్రులు ఈ వారమే ప్రిన్సిపల్‌ను మూడు ప్రశ్నలు అడగాలి. మన కౌన్సెలర్ ఎవరు? వివక్ష నిరోధక అధికారి ఎవరు? ఎంతమందికి స్కాలర్‌షిప్ ఆగింది, ఎందుకు? జవాబులు రాతపూర్వకంగా తీసుకుని నోటీసు బోర్డులో పెట్టాలి.

మీకో, మీ మిత్రులకో ఇప్పుడే సహాయం కావాలంటే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.