దేవుని పొలంలో విభజన: ఒక మొరేవియన్ సమాధి స్థల చరిత్ర

సంఘం ప్రభువు బల్ల యొద్ద ఒప్పుకొన్న సమానత్వాన్ని సమాధి యొద్ద కూడా పాటించిందా? అమెరికాలోని ఉత్తర కరోలినాలో మొరేవియన్ సంఘపు తొలి సమాధి స్థలాలు ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు ఇస్తున్నాయి.

1753 నవంబరు 17న పెన్సిల్వేనియా నుండి 15 మంది సహోదరులు అడవి ప్రాంతానికి చేరి బెతాబరా గ్రామాన్ని స్థాపించారు. 1757లో ఊరి పైనున్న కొండమీద సమాధి స్థలం ఏర్పరచారు. జర్మనీలోని హెర్న్‌హూట్ సంప్రదాయాన్ని అనుసరించి దానికి 'దేవుని పొలం' అని పేరు పెట్టారు. 1 కొరింథీయులకు 15వ అధ్యాయంలో పౌలు మృతదేహాన్ని విత్తనంతో పోల్చాడు. ఆ ఉపమానమే ఈ పేరుకు ఆధారం.

సమీపంలోని సేలం పట్టణంలో 1771లో మొదటి భూస్థాపన జరిగింది. ఇక్కడ రాళ్లన్నీ నేలకు పరచినవే, ధనికునికైనా పేదకైనా ఒకే విధమైనవి. కుటుంబాల వారీగా గాక, వివాహితులు, అవివాహితులు, పిల్లలు అనే వర్గాల వారీగా, మరణించిన క్రమంలో పాతిపెట్టేవారు. 1772 నుండి పునరుత్థాన ఆదివారం తెల్లవారుజామున సంఘం ఈ సమాధుల మధ్యనే ఆరాధిస్తున్నది.

పశ్చిమ ఆఫ్రికాలో జన్మించి, బానిసగా అమ్ముడై వచ్చిన ఒక వ్యక్తి 1780లో బాప్తిస్మం పొంది అబ్రాహాము అనే పేరు స్వీకరించాడు. 1797లో మరణించినప్పుడు అతడిని తెల్లవారితో పాటు ఇదే పొలంలో పాతిపెట్టారు. అయితే ఆ సంఘమే బానిసలకు యజమాని అన్న సంగతి మరువరాదు. సమాధిలో ఇచ్చిన సమానత్వం బ్రతుకులో ఇవ్వలేదు. చివరికి సమాధిలో కూడా నిలువలేదు. చుట్టూ ఉన్న సమాజపు ఆచారానికి లోబడి 1816లో నల్లవారిని దేవుని పొలం నుండి మినహాయించారు. వారికి పరదేశుల సమాధి స్థలమే మిగిలింది. 1823లో దాని ప్రక్కనే వారికి వేరుగా దుంగల ప్రార్థనాలయం కట్టారు. 1861లో ఇటుకల ఆలయం లేచింది. 1890లో దానిని విస్తరించినప్పుడు కొన్ని సమాధులు కట్టడం క్రిందికి వెళ్లాయి. 2006లో మొరేవియన్ దక్షిణ ప్రావిన్సు సినడు బానిసత్వంలో తన పాత్రకు క్షమాపణ కోరింది.

వేదాంతం తప్పినందున కాదు, లోకమర్యాద సిద్ధాంతాన్ని మించినందున ఆ పొలం చీలింది. ఒకే బల్లలో పాలుపొంది, కులం వారీగా వేర్వేరు స్థలాలకు శవపేటికలు మోసే సంఘాలు మన దేశంలోనూ ఉన్నాయి. పునరుత్థానాన్ని ప్రకటించే కాపరి తన సంఘపు సమాధి స్థలపు హద్దులను కూడా పరిశీలించవలసి ఉన్నది.