మందుల చీటీకి అవతల: బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో యాంటీబయాటిక్ మాత్ర

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ నగరం నుంచి ముంగేలీకి వెళ్ళే రోడ్డు మంగ్లా మీదుగా సకరీకి, అక్కడి నుంచి తఖత్‌పూర్‌కు సాగుతుంది. 2019లో నగరపాలక సంస్థలో కలిసేవరకూ మంగ్లా పంచాయతీ గ్రామంగానే ఉండేది. బిలాస్‌పూర్ పెద్ద పట్టణంగా ఎదగడానికి మాత్రం ప్రధాన కారణం రైలు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ 1891 నాటికి నాగ్‌పూర్ నుంచి ఆసన్‌సోల్ దాకా ప్రధానమార్గాన్ని పూర్తిచేసింది. 20వ శతాబ్ది తొలి ఏళ్ళలో వాల్తేరు, కటక్‌ల నడుమ మార్గం కూడా అదే కంపెనీ చేతికి వచ్చింది. 1931లో రాయపూర్, విజయనగరం మార్గం పూర్తికావడంతో కళింగాంధ్ర పల్లెలకూ ఛత్తీస్‌గఢ్ మైదానానికీ మధ్య దగ్గరిదారి ఏర్పడింది. ఒకే కంపెనీ కొలువులో ఊరు మారుతూ వచ్చిన తెలుగు కుటుంబాలు ఈ మార్గాల వెంబడి రైల్వే కాలనీలలో స్థిరపడ్డాయి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు బిలాస్‌పూర్ కేంద్రమైంది.

ఇటువంటి పట్టణంలో మందుల చరిత్రను చెప్పాలంటే రైల్వే హద్దుకు లోపలి వ్యవస్థనూ బయటి వ్యవస్థనూ వేరువేరుగా చూడవలసి ఉంటుంది. హద్దు లోపల ఉద్యోగికీ అతని కుటుంబానికీ వైద్యం ఉచితం. చీటీ రాసే వైద్యుడూ, మందు నిల్వచేసే గిడ్డంగీ, మాత్రలు లెక్కపెట్టి ఇచ్చే ఫార్మసిస్టూ ఒకే యాజమాన్యం కింద పనిచేస్తారు. బయట ఆ మూడు పనులూ విడివడి, ఒక్కొక్కటి ఒక్కొక్కరి చేతిలోకి వెళ్ళాయి. పట్టణంలో వైద్యుడు రాస్తే దుకాణదారు అమ్ముతాడు. పల్లెలో తరచుగా వైద్యవిద్య చదవని వైద్యుడే రాయకుండానే ఇస్తాడు. తెలుగు జిల్లాల్లో ఇతణ్ణి ఆర్‌ఎంపీ డాక్టరంటే, ఛత్తీస్‌గఢ్‌లో భుజానికి సంచి తగిలించుకుని తిరిగేవాడిగా ఎరుగుదురు. యాంటీబయాటిక్‌ను, అంటే బాక్టీరియాను చంపే లేదా దాని పెరుగుదలను ఆపే మందును, సురక్షితంగా వాడడమన్నది ఈ గొలుసులో ఎవరు ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్నగానే చరిత్రలో మొదటినుంచీ కనిపిస్తుంది. రోగి క్రమశిక్షణ ఆ ప్రశ్నలో ఒక భాగం మాత్రమే.

ఆ ప్రశ్నను చట్టం ముందు నిలిపింది యాంటీబయాటిక్‌ల కన్నా ముందు వచ్చిన సల్ఫా మందులు. 1935లో జర్మనీలో గెర్హార్డ్ డొమాక్ ప్రాంటోసిల్ ఫలితాలను ప్రకటించాక, రసాయన పద్ధతిలో తయారైన ఈ మందులు మాత్రల రూపంలో ప్రపంచమంతటా వ్యాపించాయి. 1937లో అమెరికాలో ఒక కంపెనీ సల్ఫా మందును పిల్లలు తాగేందుకు వీలుగా తీయని ద్రవంగా మార్చబోయి, దాన్ని డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు ద్రావకంలో కరిగించింది. 100 మందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం తర్వాతే, 1938లో, మందు అమ్మకముందు అది హానికరం కాదని రుజువు చూపాలన్న చట్టం అక్కడ వచ్చింది. భారతదేశంలో ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన ఏర్పడిన ఔషధ విచారణ సంఘం 1930-31 సంవత్సరాల్లోనే కల్తీ మందుల సంగతి బయటపెట్టినా, మందుల చట్టం 1940లో గాని రాలేదు; దాని నియమావళి 1945లో వెలువడింది. వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడని మందుల జాబితా, అంటే ‘హెచ్’ షెడ్యూల్, ఆ నియమావళిలో భాగమైంది. బాక్టీరియాను అరికట్టడానికి తయారుచేసిన మందులోనే విషం కలిసి జనం చనిపోవడం ఒక దేశపు మందుల చట్టాన్ని మార్చిందన్న ఈ సంగతికి బిలాస్‌పూర్ కథలో మళ్ళీ పని పడుతుంది.

సల్ఫాల తర్వాత వచ్చిన యాంటీబయాటిక్ పెన్సిలిన్ మొదటి దశాబ్దంలో సూది మందు. ఆ తొలిరూపం కడుపులోని ఆమ్లంలో విరిగిపోతుంది గనుక నోటి ద్వారా ఇస్తే సరిగా పనిచేయదు. సూది వేయడానికి మనిషి కావాలి, మరిగించిన సిరంజి కావాలి, రోజులో ఒకటికి మించి మోతాదులు కావాలి. అందుచేత మందు ఆసుపత్రి గడప దాటి ఎక్కువ దూరం పోలేదు. గడప దాటించిన ఘనతలో ఒక తెలుగువాడి వాటా ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో పరిశోధన విభాగానికి నాయకత్వం వహిస్తున్న కాలంలో, అక్కడి శాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్‌ను వేరుచేశాడు. 1948లో ప్రకటించిన ఈ మందు టెట్రాసైక్లిన్ జాతిలో మొదటిది; నోటి ద్వారా తీసుకోదగినది, పలురకాల బాక్టీరియాపై పనిచేసేది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. నోటి మాత్ర రాకతో యాంటీబయాటిక్‌పై అదుపు మొదటిసారిగా వైద్యుడి చేతిలోంచి రోగి ఇంటి గూటిలోకి మారిందని చెప్పవచ్చు. వైద్య చరిత్రకారులు కొత్త మందు కనుగొన్న తేదీలకు ఇచ్చినంత ప్రాధాన్యం ఈ మార్పుకు ఇవ్వకపోవడం ఆశ్చర్యకరమే.

దేశంలో పెన్సిలిన్ తయారీ పుణె సమీపంలోని పింప్రీలో 1950ల మధ్యలో మొదలైంది. 1960లలో సోవియట్ సాయంతో ఏర్పడిన ఐడీపీఎల్ సంస్థ యాంటీబయాటిక్ కర్మాగారాన్ని ఋషీకేశ్‌లోనూ, ఇతర రసాయన మందుల కర్మాగారాన్ని హైదరాబాద్ బాలానగర్‌లోనూ నెలకొల్పింది. మందు వస్తువుకు కాక తయారీ విధానానికి మాత్రమే పేటెంటు ఇచ్చే 1970 నాటి చట్టం, ఐడీపీఎల్‌లో పని నేర్చిన రసాయనికుల నైపుణ్యం కలవడంతో, తెలంగాణలో ముడి మందుల పరిశ్రమ పుట్టుకొచ్చింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో స్థాపించిన సంస్థ ఆ పరిశ్రమలో బాగా పేరున్నది. ఆ పరిశ్రమలోని పోటీ వల్లే సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందు ఛత్తీస్‌గఢ్ పల్లె దుకాణంలో కొన్ని రూపాయలకు దొరికే స్థితి వచ్చింది. దాని వెల ఇంకొక చోట తేలింది: 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారాల మురుగునీటిని శుద్ధిచేసే కేంద్రం నుంచి వెలువడే నీటిని పరీక్షించగా, లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ కనిపించింది.

సిప్రోఫ్లాక్సాసిన్‌కు ఆ గిరాకీ రావడానికి టైఫాయిడ్ ముఖ్య కారణాల్లో ఒకటి. 1940ల చివర వచ్చిన క్లోరాంఫెనికాల్, కొందరిలో ఎముకమజ్జను దెబ్బతీసే ప్రమాదం ఉన్నా, నోటి ద్వారా ఇచ్చి టైఫాయిడ్‌ను తగ్గించగల మందుగా దశాబ్దాల పాటు నిలిచింది. 1972లో కేరళలోని కాలికట్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ వ్యాపించింది; 1980ల చివరికి, అప్పటిదాకా టైఫాయిడ్‌కు వాడుతూ వచ్చిన మూడు పాత మందులకూ ఒకేసారి లొంగని రకం దేశమంతటా కనిపించసాగింది. 1987లో అమెరికాలో అనుమతి పొందిన సిప్రోఫ్లాక్సాసిన్ ఆ ఖాళీలోకి ప్రవేశించి, పదేళ్ళు గడవకముందే తన శక్తిలో చాలా భాగం కోల్పోయింది. మందుకు లొంగకపోవడమంటే రోగి శరీరం మందుకు అలవాటు పడడం కాదు. మందు చంపగా మిగిలిన బాక్టీరియా పెరిగి, తమ రక్షణ లక్షణాన్ని తర్వాతి తరాలకూ, కొన్నిసార్లు పక్క జాతులకూ అందించడం. జలుబు, ఫ్లూ వంటి వైరస్ జబ్బులపై ఈ మందులకు ఎలాంటి ప్రభావమూ లేదు. వాటికి వాడిన ప్రతి మాత్రా పేగులోని బాక్టీరియాకు శిక్షణ ఇచ్చి వెళ్తుంది.

తెలుగు ఇళ్ళలో ఈ మాత్రలతో ముడిపడిన ఒక అలవాటు కొంత వివరంగా చూడదగినది. ‘పవరున్న మందు వేడిచేస్తుంది’ అన్న నమ్మకం వల్ల మాత్ర వెంట మజ్జిగ గానీ పాలు గానీ ఇవ్వడం తరతరాలుగా వస్తున్న పద్ధతి. అమాక్సిసిలిన్ విషయంలో దీనివల్ల నష్టం లేదు. టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్‌ల విషయంలో మాత్రం పాలలోని కాల్షియం మందును పట్టుకుని రక్తంలోకి పూర్తిగా చేరనీయదు; ఐరన్, జింక్ మాత్రలూ, కడుపుమంటకు తాగే యాంటాసిడ్‌లూ అదే పని చేస్తాయి. అందుకే సిప్రోఫ్లాక్సాసిన్‌ను వాటికి కనీసం రెండు గంటల ముందు గానీ ఆరు గంటల తర్వాత గానీ మంచినీళ్ళతో వేసుకోమంటారు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వాడే గర్భిణులూ బాలింతలూ ఎక్కువగా ఉన్న ప్రాంతంలో ఇది చిన్న సంగతి కాదు. ఈ మందు కాలిమడమ వెనుక స్నాయువును దెబ్బతీయవచ్చని 2008లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అన్నిటికన్నా గట్టి హెచ్చరికను లేబుల్‌పై పెట్టించింది. ఇలాంటి విషయాలు చీటీలో ఒక్క వాక్యంగా పడితే రోగి పాటిస్తాడు. పడకపోతే అతనికి తెలిసే దారి లేదు.

మోతాదు పూర్తిచేయాలన్న మాటకు కూడా చరిత్ర ఉంది. చాలీచాలని మోతాదు బాక్టీరియాను రాటుదేలుస్తుందని అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లోనే నోబెల్ ఉపన్యాసంలో హెచ్చరించాడు. ఆ హెచ్చరిక దశాబ్దాలలో ‘జ్వరం తగ్గినా కోర్సు ఆపవద్దు’ అన్న సూత్రంగా మారింది. 2010ల నాటికి కొన్ని జబ్బుల్లో తక్కువ రోజుల చికిత్సే చాలునని పరిశోధనలు తేల్చాయి. ఈ మార్పుతో తేలింది, రోగి తనకు తానుగా ఆపవచ్చని కాదు. ఎన్ని రోజులన్నది జబ్బునుబట్టి వైద్యుడు లెక్కగట్టవలసిన విషయమని. మిగిలిన మాత్రలు దాచి మరొకరికి ఇవ్వడం, పాత చీటీతో మళ్ళీ కొనడం ఆ లెక్కను చెరిపేసే పనులే.

చీటీ లేకుండా అమ్మకాన్ని అరికట్టడానికి కేంద్రం 2013లో ‘హెచ్1’ అనే కొత్త షెడ్యూల్‌ను ప్రకటించింది. 2014 మార్చి 1 నుంచి అమల్లోకి వచ్చిన ఈ జాబితాలో మొదట 46 మందులుండేవి. వాటిని అమ్మినప్పుడు వైద్యుడి పేరు, రోగి పేరు, మందు పరిమాణం విడి రిజిస్టర్‌లో రాసి మూడేళ్ళు భద్రపరచాలి. సిప్రోఫ్లాక్సాసిన్ ఈ కొత్త జాబితాలోకి రాక, పాత ‘హెచ్’ షెడ్యూల్‌లోనే ఉండిపోయింది.

ఎనిమిది నెలల తర్వాత, 2014 నవంబర్ 8న, మంగ్లా దాటాక సకరీ దగ్గరి పెండారి గ్రామంలో ఆడవాళ్ళకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్స శిబిరం జరిగింది. వాడుకలో లేని ఒక ఆసుపత్రి భవనంలో కొన్ని గంటల వ్యవధిలో 83 మందికి శస్త్రచికిత్స చేశారు. ఒక బృందం రోజుకు 30కి మించి చేయకూడదన్నది ప్రభుత్వ మార్గదర్శకం. ఇంటికి వెళ్ళేటప్పుడు ఆ స్త్రీలకు సిప్రోఫ్లాక్సాసిన్, నొప్పి తగ్గించే ఐబుప్రొఫెన్ మాత్రలు ఇచ్చారు. రెండు రోజుల్లోగా వాంతులతో, పడిపోతున్న రక్తపోటుతో వాళ్ళు బిలాస్‌పూర్ ఆసుపత్రులకు రావడం మొదలైంది. అప్పట్లో అదే జిల్లాలో ఉత్తరాన ఉండిన గౌరేలా ప్రాంతంలో రెండు రోజుల తర్వాత జరిగిన శిబిరంతో కలిపి 13 మంది చనిపోయారు. శస్త్రచికిత్సతో సంబంధం లేనివాళ్ళు కూడా అవే మాత్రలు మింగి జబ్బుపడ్డారని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఎలుకల మందుగా వాడే జింక్ ఫాస్ఫైడ్ ఆ మాత్రల్లో కలిసిందని రాష్ట్ర అధికారులు ప్రకటించగా, శుభ్రతాలోపం వల్ల సోకిన ఇన్‌ఫెక్షనే కారణమన్న వాదన కూడా బలంగా వినిపించింది. కారణాల మధ్య తగవు ఎలా తేలినా, ఒక్క విషయం స్పష్టం: ఈ స్త్రీలెవరూ చీటీ లేకుండా మందు కొనలేదు, మోతాదు తప్పలేదు, మిగిలిన మాత్రలు దాచలేదు, ప్రభుత్వం చేతికిచ్చిన మందును చెప్పినట్టే వేసుకున్నారు. 1937 నాటి అమెరికా పిల్లల తల్లిదండ్రులు కూడా అంతే. చీటీ రోగి తప్పునూ దుకాణదారు ఆశనూ అడ్డుకోగలదు గాని, తయారీదారునీ మందు కొని పంచే ప్రభుత్వాన్నీ ప్రశ్నించదు.

కొనుగోలును ప్రశ్నించే పద్ధతి దేశంలో లేకపోలేదు. 1990ల మధ్యలో పని మొదలుపెట్టిన తమిళనాడు వైద్య సేవల సంస్థ ప్రతి బ్యాచ్ నుంచి నమూనా తీసి, కంపెనీ పేరు కనపడకుండా ప్రయోగశాలలకు పంపి, నెగ్గితేనే ఆసుపత్రులకు విడుదల చేస్తుంది; ఆంధ్ర, తెలంగాణ వంటి రాష్ట్రాల్లోని కేంద్రీకృత కొనుగోలు సంస్థలు ఈ నమూనాకు దగ్గరివే. బిలాస్‌పూర్ చుట్టుపక్కల ఇంకో రకం ఉదాహరణ ఉంది. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు 1990ల చివర నెలకొల్పిన జన్ స్వాస్థ్య సహయోగ్, గనియారీ గ్రామంలోని తన ఆసుపత్రి నుంచి అచానక్‌మార్ అడవి పల్లెలదాకా తక్కువ ధర జెనెరిక్ మందులతో వైద్యం చేస్తూ వస్తోంది. మందు చవకగా ఉండడం నాసిరకంగా ఉండడం కాదని ఆ సంస్థ పని చూపింది.

ఆరోగ్య హక్కుల కార్యకర్త దేవికా బిశ్వాస్ దాఖలు చేసిన వ్యాజ్యంలో 2016 సెప్టెంబర్ 14న సుప్రీంకోర్టు, బిలాస్‌పూర్ మరణాలను ప్రస్తావిస్తూ, ఇటువంటి శస్త్రచికిత్స శిబిరాలను మూడేళ్ళలోగా ఆపివేయాలని ఆదేశించింది. అదే ఏడాది కేంద్రం మందు రేకుపై నిలువునా ఎర్రగీత ఉంటే వైద్యుడు రాయనిదే వాడకూడదని ప్రజలకు చెప్పే ప్రచారాన్ని ప్రారంభించింది. మందు తయారీలో మురుగునీటి సంగతి ఇంకా మిగిలే ఉంది: యాంటీబయాటిక్‌లు నీటిలో ఎంతవరకు ఉండవచ్చో పరిమితులు పెడుతూ 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా నియమాలు విడుదల చేసింది, 2021 ఆగస్టులో వచ్చిన తుది నియమాల్లో ఆ పరిమితులు లేవు.