తీగ బిగువు

వాద్యాల చరిత్ర రాసేవారు సాధారణంగా అది ఎప్పుడు పుట్టింది, ఎవరు కనిపెట్టారు అన్నవి చెప్పి ఊరుకుంటారు. ఆ వాద్యానికి ఫలానా భావమే తగునని ఎవరు నిర్ణయించారన్న ప్రశ్న జోలికి పోరు. సన్నాయి అంటే పెళ్ళి, డప్పు అంటే చావు, వీణ అంటే సరస్వతి. ఈ నిర్ణయాలు తీగలోనూ తోలులోనూ లేవు, వాటిని చేసిన సమాజంలో ఉన్నాయి. వస్తువు, శిల్పం అంటూ మనం కవిత్వం చుట్టూ నడిపిన చర్చ వాద్యాలకూ వర్తిస్తుంది. అమెరికా కంట్రీ పాటల్లో వెక్కి వెక్కి ఏడ్చే పెడల్ స్టీల్ గిటార్ అందుకు మంచి ఉదాహరణ.

దాని మూలం అమెరికాలో లేదు. హవాయి దీవుల్లో 1874లో పుట్టిన జోసెఫ్ కెకుకు, బడిలో చదువుకునే రోజుల్లోనే గిటారును ఒళ్ళో వెల్లకిలా పెట్టుకొని, తీగలను వేళ్ళతో నొక్కే బదులు వాటి మీద ఉక్కు ముక్కను జార్చి వాయించే పద్ధతిని రూపొందించాడు. ఇండియాలో పుట్టి హవాయి చేరిన గేబ్రియల్ డేవియన్ అనే అతను అంతకంటే ముందే ఆ పని చేశాడనే వారూ ఉన్నారు. ఆ తగవు తేలేది కాదు. తీగ మీద కొయ్యముక్కను జార్చి గమకం పలికించడం గోటువాద్యం ఎరిగిన మనకు ఎలాగూ వింత కాదు.

చూడవలసింది ఆ కాలాన్ని. 1893లో చక్కెర వ్యాపారుల వర్గం, అమెరికా నౌకాసైనికుల అండతో, హవాయి రాణి లిలియువొకలానీని గద్దె దింపింది. 1898లో ఆ దీవులను అమెరికా కలిపేసుకుంది. 1904లో కెకుకు బతుకుదెరువు కోసం అమెరికా చేరాడు. 1915లో శాన్ ఫ్రాన్సిస్కోలో జరిగిన పెద్ద ప్రదర్శనలో హవాయి పాటలు జనాన్ని విరగబడేలా చేశాయి, ఆ మరుసటి ఏడే హవాయి రికార్డుల గిరాకీ మిగతా రకాలను దాటిపోయింది. రాజ్యం పోగొట్టుకున్న జాతి పాట రాజ్యం లాక్కున్నవారికి వినోదమైంది. జారే ఆ స్వరంలో వారికి కొబ్బరిచెట్లూ వెన్నెలా వినిపించాయి గాని చెరకుతోటల్లో కూలీల చెమట వినిపించలేదు.

తర్వాతి కథ యంత్రానిది. 1932 ప్రాంతంలో రికెన్‌బేకర్ కంపెనీ అమ్మకానికి పెట్టిన తొలి విద్యుత్ గిటారు ఈ ఒళ్ళో వాయించే రకమే. ఆ పైన దానికి కాళ్ళు వచ్చాయి, కింద పెడళ్ళు వచ్చాయి, మోకాలితో నెట్టే మీటలు వచ్చాయి. పెడల్ తొక్కితే కడ్డీలు కదిలి ఒక తీగను బిగిస్తాయి, లేదా సడలిస్తాయి. 1954లో జనంలోకి వచ్చిన వెబ్ పియర్స్ పాట 'స్లోలీ'లో బడ్ ఐజాక్స్ తీగ మోగుతూండగానే పెడల్ తొక్కాడు. కొన్ని తీగలు ఉన్నచోటే ఉండగా మిగతావాటి స్వరం పైకి పాకింది. విన్న ప్రతి వాద్యకారుడూ పెడళ్ళు బిగించుకున్నాడని చెబితే అతిశయోక్తి కొంతే. మూడు నిమిషాల రికార్డులో గాయకుడు ఊపిరి తీసుకునే సందులో ఏడవడం దాని ఉద్యోగమైంది. పేద తెల్లవాడి విడాకులు, తాగుడు, ఒంటరితనం: ఇవి నిజమైన దుఃఖాలే. కాని కంపెనీ వాటిని ఒకే కొలతలో కోసి అమ్మింది.

ఇదే ఉక్కు కడ్డీ 1930లలోనే నల్లజాతి పేదల హౌస్ ఆఫ్ గాడ్ చర్చిలో ప్రవేశించి, అక్కడ ఏడవడానికి బదులు జనాన్ని లేపి గంతులు వేయించింది. బయటి శ్రోతలకు ఆ సంగీతం విస్తృతంగా తెలిసింది 1997లో ఆర్‌హూలీ కంపెనీ రికార్డు వేశాక. అంతకాలం వాద్యం ఒకటే, దాని 'స్వభావం' మాత్రం రెండు.

ఎల్.పి. రికార్డు ఈ కొలతను కొంత మార్చింది. ఒక్కో పక్క ఇరవై నిమిషాలకు పైగా చోటు దొరికితే వాద్యం సందులు నింపే పని మానుకోవచ్చు. మన దేశంలో బ్రిజ్ భూషణ్ కాబ్రా హవాయి గిటారును రాగానికి వంచి, 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరాసియాలతో కలిసి హెచ్.ఎం.వి. 'కాల్ ఆఫ్ ది వేలీ'లో వాయించాడు. అమెరికాలో బడీ ఎమన్స్ 1963లోనే 'స్టీల్ గిటార్ జాజ్' అనే ఎల్.పి. చేశాడు. గొప్ప పనితనమే, అయితే ఆ రికార్డులో నాకు పెద్దల ముందు పరీక్ష నెగ్గిన కుర్రవాడి తృప్తి వినిపిస్తుంది. 1983లో బ్రయాన్ ఈనో చంద్రయాత్రల చిత్రం కోసం చేసిన 'అపోలో'లో డేనియల్ లాన్వా పెడల్ స్టీల్ నేలను వదిలి తేలుతుంది. హాయిగానే ఉంటుంది. ఆ తేలికలో వాద్యం చరిత్ర కూడా బరువు కోల్పోయింది.

సూసన్ ఆల్కార్న్ అలా చేయలేదు. టెక్సాస్‌లో కంట్రీ బృందాల్లో వాయించి బతికిన ఆమె ఒకనాడు కచేరీకి కారులో పోతూ రేడియోలో మెస్సియాన్ రచన విన్నది. రెండు ప్రపంచ యుద్ధాల మృతుల స్మృతిలో 1964లో రాసినది అది, మృతుల పునరుత్థానం కోసం ఎదురుచూస్తున్నానని దాని పేరు. ఆ పేరునే తిప్పి, పెడల్ స్టీల్ గిటార్ పునరుత్థానం కోసం ఎదురుచూస్తున్నానని 2007లో ఆమె తన రికార్డుకు పెట్టుకున్నది. తిరుమలగిరిలో ఒక మిత్రుని ఇంట ఆ ఎల్.పి. విన్నాను. పాటగాడు లేడు, తాళం లేదు. మోగిన తీగ చివరిదాకా చావనిచ్చి గాని ఆమె రెండోదాన్ని ముట్టదు. ఏడుపును ఆమె తీసేయలేదు, ఎవరి కోసం అన్న ప్రశ్నను మాత్రం మళ్ళీ తెరిచింది. 2023లో చిలీ వాద్యకారులతో కలిసి తెచ్చిన 'కాంతో'లో దానికి ఒక జవాబు ఉంది. 1973 సెప్టెంబరులో విక్టర్ హారాను చంపిన నియంతృత్వం మాయం చేసిన మనుషుల కోసం ఆ తీగ మోగింది. ఆల్కార్న్ 2025 జనవరిలో మరణించింది.

ఈ రికార్డులు వింటున్నంతసేపూ నాకు జమిడిక గుర్తుకొచ్చింది. మా వైపు బైండ్లవారు ఎల్లమ్మ కథ చెబుతూ వాయించేది. డొల్ల గొట్టానికి ఒక వైపు తోలు, ఆ తోలు నడుమ నుంచి ఒక తీగ. తీగను మీటుతూ లాగితే స్వరం ఎక్కుతుంది, సడలిస్తే దిగుతుంది. మోగుతున్న తీగ బిగువును మార్చి మాటకు దగ్గరగా వచ్చే ధ్వనిని పుట్టించడం, అంటే పెడల్ చేసే పనే ఇది, కడ్డీలూ మరలూ లేకుండా. ఒకదాన్ని ప్రయోగమంటారు, రెండోదాన్ని ఆచారమంటారు. ప్రయోగం చేసే హక్కు ఎవరికి ఉందో ఈ రెండు మాటలే చెప్పేస్తున్నాయి.

మన సాంస్కృతికోద్యమానికి ఈ విషయం తెలియక కాదు. 1943 తర్వాత ప్రజానాట్యమండలి జంగం కథను బుర్రకథగా మలిచినప్పుడు, నాజర్ వంటి కళాకారులు ఆ రూపంలో కొత్త వస్తువును నింపి ఊళ్ళను కదిలించారు. అది చిన్న విజయం కాదు. అయినా అక్కడ వాద్యం మాటకు తోడుగానే మిగిలింది. సాహిత్యకారులం గనక మన చెవి పాఠం మీదే ఉంటుంది. ఎల్లమ్మ కథను సేకరించేటప్పుడు మాటలు రాసుకుంటాం, రెండు చరణాల మధ్య జమిడిక పలికినదాన్ని చుక్కలు పెట్టి వదిలేస్తాం. పెడల్ ఎంత దూరం తీగను లాగాలో ముందే మర బిగించి ఉంచుతారు, అక్కడికి చేరి ఆగుతుంది. జమిడికకు అలాంటి మర లేదు. ఎక్కడ ఆపాలో వాయించే చెయ్యి అప్పటికప్పుడు, ఎదురుగా కూర్చున్న జనాన్ని చూసి తేల్చుకుంటుంది. మనం చుక్కలు పెట్టిన చోట జరుగుతున్నది అదే.