రంగు వెలిసిన సిపాయి

సీసపు సిపాయి బొమ్మలు పోగుచేయడం ఇంగ్లండులో పెద్ద సరదా. అయితే సోదరీమణులారా, కనబడ్డవన్నీ కొంటూపోతే ఇల్లూ చాలదు, డబ్బూ చాలదు. కొందరు ఒకే దేశపు సైన్యం చాలంటారు, కొందరు ఒకే యుద్ధం అంటారు. నన్నడిగితే రంగు చూసి ఏరుకోమంటాను.

1893లో లండన్‌లో విలియం బ్రిటన్ కుటుంబం వారు బోలు బొమ్మలు పోయడం మొదలుపెట్టారు. కరిగిన లోహాన్ని అచ్చులో పోసి, పైపొర గట్టిపడగానే మిగిలింది ఒంపేయడమే కిటుకు. సీసం ఆదా అయింది, ధర దిగింది. అంతవరకూ బజారు ఏలిన జర్మనీ గట్టి బొమ్మలు వెనకబడ్డాయి. ఎత్తు 54 మిల్లీమీటర్లు, మన చూపుడువేలంత కూడా లేదు. అంత చిన్నదానికి మీసం, గుండీలు, బెల్టు చేత్తో దిద్దినవాళ్ళు చాలామటుకు ఆడవాళ్ళే. ఇంటికి తెచ్చుకుని కూలికి వేసినవాళ్ళూ ఉన్నారు. పెట్టెమీద పటాలం పేరుంటుంది గాని వాళ్ళ పేర్లుండవు.

మనం కొలువులో బొమ్మ వెలిస్తే మళ్ళీ రంగు పూసేస్తాం చూడండి, ఈ సిపాయికి అలా చేస్తే విలువే పడిపోతుంది. సీసపు బొమ్మలు 1966లో ఆపేశారు, ఆ చేతిపని ఇక రాదు. పెచ్చులూడినా సరే, మొదటి రంగున్నదే తీసుకోండి. పసిపిల్లల చేతికి మాత్రం ఇవ్వకండి, సీసం కదా!