బొమ్మల వియ్యం

బొమ్మకూ నిరసనకూ సంబంధం ఏమిటని మన నంద్యాలలో ఎవరినడిగినా ఒక్కటే జవాబు చెబుతారు: దిష్టిబొమ్మ! పాత చొక్కాలో గడ్డి కుక్కి, కుండకు కళ్లూ మీసాలూ దిద్ది, మెడలో పేరు రాసిన అట్ట వేలాడదీసి, నాలుగు రోడ్ల కూడలి దాకా ఊరేగించి, కిరసనాయిలు పోసి అంటిస్తారు. తయారు చెయ్యటానికి అరగంట, కాలటానికి అయిదు నిమిషాలు. ఆ తర్వాత అందరూ టీ తాగి ఎవరిళ్లకు వాళ్లు పోతారు. పాపం, అదే దిష్టిబొమ్మ చేలో నిలబడితే పంటకు కాపలా, కట్టే ఇంటికి కడితే ఇంటికి కాపలా. కూడలికి వస్తేనే దాని ఖర్మ కాలుతుంది.

అయితే బొమ్మను కాల్చి కాకుండా, బొమ్మను చేసి, "మాకు యుద్ధం వద్దు" అని చెప్పినవాళ్లు లోకంలో ఉన్నారు. వాళ్ల కథ చెప్పుకోవటానికి ముందు, మన ఇళ్లల్లో జరిగిన ఒక సంగతి గుర్తు చేసుకోవాలి. అది బొమ్మల పెళ్లి.

ఈ కాలం పిల్లలు చూసి ఉండరు గానీ, మా చిన్నప్పుడు వేసవి సెలవులొస్తే ఆడపిల్లలకు ఇదే పని. ఒక ఇంట్లో గుడ్డపేలికలతో పెళ్లికూతురు, ఎదురింట్లో పెళ్లికొడుకు. అక్షింతలూ, బెల్లం ముక్కల విందూ, వీధి కొస దాకా ఊరేగింపూ అన్నీ ఉండేవి. పెళ్లి అయిపోయాక ఆ ఇద్దరు పిల్లలూ ఒకరినొకరు "వదినా, వదినా" అని పిలుచుకునేవాళ్లు. ఇందులో ఒక చమత్కారం ఉంది. గోడ దగ్గరో, కుళాయి దగ్గరో తగువు వచ్చి పెద్దవాళ్లకు మాటల్లేకపోయినా, బొమ్మల వియ్యం మాత్రం ఆగేది కాదు. బొమ్మకు చీర పెట్టాలంటే ఎదురింటి గడప తొక్కాల్సిందే గదా!

సరిగ్గా ఇట్లాంటి వియ్యమే 1927లో అమెరికాకూ జపానుకూ జరిగింది. 1924లో అమెరికా ఒక వలస చట్టం చేసి జపాను వాళ్లు తమ దేశానికి వలస రాకుండా తలుపు మూసేసింది. జపాను జనానికి అది చెంపదెబ్బ అయింది. జపానులో పాతికేళ్లు పాఠాలు చెప్పి వచ్చిన సిడ్నీ గ్యులిక్ అనే అమెరికన్ మతాచార్యుడు ఇది చూసి కలత పడ్డాడు. పెద్దవాళ్లకు చెప్పి లాభం లేదు, పిల్లల నుంచి మొదలుపెడదాం అనుకున్నాడు. జపానులో మార్చి 3న ఆడపిల్లల పండుగ. దాని పేరు హినమత్సురి. ఎర్రగుడ్డ పరిచిన మెట్ల మీద రాజునూ రాణినీ పరివారాన్నీ కూర్చోబెడతారు. అచ్చం మన బొమ్మల కొలువే! ఆ కొలువుకు అమెరికా పిల్లలు బొమ్మలు పంపితే ఎట్లా ఉంటుందన్నది ఆయన ఆలోచన.

బడుల్లో పిల్లలు, వాళ్ల తల్లులు, చర్చి సంఘాల ఆడవాళ్లు కూర్చుని బొమ్మలకు గౌన్లు కుట్టారు. ఒక్కొక్క బొమ్మకూ పేరు, ప్రయాణపు టిక్కెట్టు, పాస్‌పోర్టు, చేతిలో ఒక ఉత్తరం. మనుషులకు పాస్‌పోర్టు ఇవ్వని రోజుల్లో బొమ్మలకు పాస్‌పోర్టులన్న మాట! అట్లా 12,739 నీలికళ్ల పెళ్లికూతుళ్లు ఓడలెక్కి జపాను చేరాయి. అక్కడ ఈ పనిని తలకెత్తుకున్నవాడు షిబుసావా ఎయిచి అనే పెద్ద వ్యాపారి. బళ్లల్లో స్వాగత సభలు పెట్టి, పాటలు పాడి దించుకున్నారు.

వియ్యమన్నాక సారె పంపాలి గదా. జపాను ఆడపిల్లలు తలా ఒక సెన్ను, అంటే మన పైసా లాంటిది, చందా వేసుకున్నారు. ఆ డబ్బుతో పేరుమోసిన పనివాళ్లు 58 బొమ్మలు చేశారు. ఒక్కొక్కటి రెండున్నర అడుగులకు పైగా ఎత్తు. పట్టు కిమోనోలు, బుల్లి పెట్టెలు, టీ సామాను వెంట పెట్టి అదే సంవత్సరం చివర అమెరికాకు సాగనంపారు.

"ఆ తర్వాత యుద్ధం రాలేదా?" అని మీరు అడుగుతారు. వచ్చింది. 1941 డిసెంబరులో పెరల్ హార్బరు మీద బాంబులు పడ్డాయి. 1943 నాటికి జపానులో నీలికళ్ల బొమ్మల మీద కూడా కక్ష కట్టారు. అవి శత్రువుల బొమ్మలు, విరగ్గొట్టండి, కాల్చండి అని పత్రికలే రాశాయి. బడి పిల్లల చేతనే వెదురు ఈటెలతో పొడిపించిన చోట్లున్నాయి. పాటలు పాడి దించుకున్న బొమ్మలు దిష్టిబొమ్మలైపోయాయి.

ఇంతటితో కథ అయిపోతే నేను ఈ వ్యాసం రాసి ఉండేవాణ్ణి కాదు. అన్ని వేల బొమ్మల్లో మూడు వందలకు పైగా బతికి బయటపడ్డాయి. వాటంతట అవి బతకలేదు. ఎక్కడో ఒక పంతులమ్మ బీరువా వెనక దాచింది, ఇంకొకాయన అటక మీద పెట్టాడు. పట్టుబడితే దేశద్రోహి అంటారని తెలిసీ దాచారు. ఎన్నో ఏళ్లు వాళ్లు ఆ మాట ఎవరికీ చెప్పలేదు. 1970ల నుంచి ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చాయి. అమెరికా వెళ్లిన 58లోనూ నలభైకి పైగా జాడ తెలిసింది. గ్యులిక్ మనవడు 1980లలో మళ్లీ కొత్త బొమ్మలు పంపటం మొదలుపెట్టాడు. తాత కుదిర్చిన సంబంధాన్ని మనవడు నిలబెట్టాడు.

ఇంకొక తల్లి కథ చెబుతాను. కెనడా సైనికుడు మార్క్ ఇస్‌ఫెల్డ్ శాంతి సేనలో క్రొయేషియాకు పోయాడు. కూలిన ఇంటి శిథిలాల్లో ఒక బొమ్మ పడి ఉంటే అతని మనసు చెదిరింది. సంగతి తెలిసి ఇంటి దగ్గర అతని తల్లి కేరల్ ఊలుతో జేబులో పట్టేంత చిన్న బొమ్మలు అల్లి పంపింది. వాటిని అక్కడి పిల్లలకు పంచాడు. 1994 జూన్ 21న మందుపాతర పేలి ఆ అబ్బాయి చనిపోయాడు. తల్లి అల్లిక ఆపలేదు. తోటి సైనికులు ఆ బొమ్మలకు అతని ముద్దుపేరు పెట్టి "ఇజ్జీ బొమ్మలు" అన్నారు. ఊరూరా ఆడవాళ్లు ఆమెతో పాటు అల్లటం మొదలుపెట్టారు. కొడుకు పోయిన తల్లి పగ పట్టవచ్చు. ఈమె సూది పట్టింది.

ఇప్పుడు మన ఊళ్ల సంగతి. ఆళ్లగడ్డ బొమ్మలకు పేరున్న ఊరు. రాతిబొమ్మలు లెండి. రోడ్డు పక్కనే ఉలి చప్పుడు వినిపిస్తుంది. దేవుళ్లు, నందులు, నాయకులు అందరూ అక్కడే తయారవుతారు. మన తెలుగులో ఇదొక వింత. గుడ్డతో చేసినా బొమ్మే, రాతితో చెక్కినా బొమ్మే, కాగితం మీద గీసినా బొమ్మే. ఒకసారి అక్కడ పని చేసుకుంటున్న ఒక పెద్దాయనతో మాట కలిపాను.

"ఆచారిగారూ, ఉగ్ర నరసింహుణ్ణి చెక్కటం కష్టమా, శాంత నరసింహుణ్ణి చెక్కటం కష్టమా?" అని అడిగాను.

ఆయన ఉలి పక్కన పెట్టి, "ఉగ్రం సుళువు సామీ. గుడ్లు పెద్దవి చేసి కోరలు పెడితే అయిపోయె. శాంతమే కష్టం. పెదివి దగ్గర నూలుపోగంత ఎక్కువ పోతే నవ్వు కాస్తా ఏడుపు అయితాది" అన్నాడు.

"మరి మనుషుల బొమ్మలు?"

"అవి ఎక్కువ పోయినోళ్లవే గదా సామీ. ఫోటో తెచ్చిస్తారు. కొన్ని ఫోటోలు మరీ చిన్న వయసువి. అవి చెక్కేటప్పుడు చెయ్యి ఆడదు" అని మళ్లీ పనిలో పడ్డాడు.

ఆ చిన్న వయసు ఫోటోలు ఎట్లా వచ్చాయో నేను అడగలేదు. మా సీమ పగలకు ఒక పేరుంది. సినిమావాళ్లు దాన్ని నాలుగింతలు చేసి అమ్ముకున్నారనుకోండి, కానీ నిప్పు లేకుండా పొగ రాలేదు. తాతల నాటి కక్ష, మనవళ్ల చేతిలో నాటుబాంబు. బొమ్మకూ బాంబుకూ అక్షరాల్లో తేడా కొంచెమే గానీ, ఒకటి చేసే ఇంట్లో రెండోది చుట్టటం కష్టమని నా నమ్మకం.

ఆ ఆళ్లగడ్డకు దగ్గరే అహోబిలం. విగ్రహాన్ని బొమ్మ అంటే అపచారం, అనను. కానీ ఆ స్వామి చేసే పని చూడండి. ఏటా సంక్రాంతి వెళ్లగానే పారువేటకు బయలుదేరి, పల్లకిలో నలభై రోజులకు పైగా, ముప్పై పైచిలుకు ఊళ్లు తిరుగుతాడు. ఎందుకయ్యా అంటే, తన పెళ్లికి రమ్మని పిలవటానికట! చెంచులకు ఆయన బావ. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన కోపం చెంచులక్ష్మి దగ్గర చల్లారిందని మనవాళ్లు కథ చెప్పుకున్నారు. అంటే యుద్ధం తర్వాత ఏం చెయ్యాలో మన పెద్దలకు తెలుసు. వియ్యమందాలి, ఊరూరూ తిరిగి భోజనానికి పిలవాలి.

బొమ్మలు యుద్ధాన్ని ఆపుతాయా అంటే, ఆపలేదని 1941 చెబుతూనే ఉంది. అయితే గుడ్డబొమ్మకు భయపడి కాల్చమన్నారంటే, అందులో ఏదో బలం ఉన్నట్టే గదా. తన చేత్తో కుట్టి పేరు పెట్టిన బొమ్మను పంపిన ఇంటి మీద రాయి వెయ్యాలంటే చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది. బీరువా వెనక బొమ్మను దాచిన పంతులమ్మకు ఆగినట్టు.

దసరాకో సంక్రాంతికో మీ ఇంట్లో కొలువు పెడతారు గదా. ఈసారి కొండపల్లి బొమ్మల పక్కన చోటు ఉంచి, పిల్లల చేత పాతగుడ్డతో ఒక బొమ్మ చేయించండి. దానికి పేరు పెట్టి, చేతిలో ఒక చీటీ పెట్టి, ఎదురింటికి పంపించండి. ఎదురింటివాళ్లతో మీకు మాటలు లేకపోతే మరీ మంచిది. సారె తప్పకుండా తిరిగి వస్తుంది.